మామగారి సొట్ట

మోసగాడి చేతిలో పడి నష్టపోయినవాళ్ళ కథలు మీరు చాలా విని ఉంటారు. నాది అలాంటిది కాదు. నేను నిజాయితీపరుడి చేతిలో పడి నాశనమయ్యాను. ఊరంతా విచారించి, విజయనగరం మొత్తం మీద నమ్మదగ్గ కారు షెడ్డు ఏదో కనిపెట్టి, నా కాళ్ళతో నేనే నడిచి వెళ్ళి మరీ పడ్డాను. ఆ దెబ్బకి మా మామగారి పరువు, వాళ్ళ బావగారి పరువు, కొత్తల్లుడిగా నాకున్న కాస్త హోదా, అన్నీ కలిసి ఒకే ఆదివారం పూట కళ్ళంలో పోయాయి. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మా అత్తవారి ఊళ్ళో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నాకు పెళ్ళై కొన్ని నెలలే అయింది. నేను విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్సు చెబుతాను. అత్తవారిది బొబ్బిలి దగ్గర పల్లె. మామగారు రామినాయుడుగారు చెరుకూ వరీ పండించే రైతు. మనిషి గట్టివాడే గానీ కొత్తల్లుడినైన నా ముందు మాత్రం గొంతు తగ్గించి "మీరు" అనేవారు. నేను కూర్చుంటే ఆయన నిలబడేవారు. నేను నిలబడితే ఆయన ఎక్కడికో పని ఉన్నట్టు వెళ్ళిపోయేవారు.

ఆయనా అత్తయ్యా కాశీ వెళ్ళడానికి మా ఊళ్ళో రైలెక్కారు. వాళ్ళు వచ్చిన తెల్ల కారుని మా ఇంటి ముందు పెట్టి, తాళం నా చేతిలో పెట్టారు.

"అల్లుడుగారూ, బండి మీకాడ ఉంచుతన్నాను. కవరు కప్పీసి ఉంచండి, సాలు."

"అవసరమైతే తీయొచ్చా మావయ్యా?"

ఆయన మొహంలో ఏదో కదిలింది. కొత్తల్లుడికి వద్దని చెప్పడం వాళ్ళ ఇంటావంటా లేదు.

"తీయండి. మీది కాదేటి?" అన్నారు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు.

తెలివైనవాడైతే ఆ గొంతు విని కారుకి దండం పెట్టి ఊరుకునేవాడు. నేను ఆ వారంలోనే దాన్ని గరివిడి తీసుకుపోయాను. అక్కడ మా సహోద్యోగి గృహప్రవేశం. స్కూటరు మీద పోతే మామూలు లెక్చరరుని, కారులో పోతే బొబ్బిలి వారి అల్లుణ్ణి. భోజనం చేసి, అందరూ చూస్తుండగా కారుని దర్జాగా వెనక్కి తీస్తూ, వాళ్ళ కొత్త గేటు స్తంభాన్ని గుద్దాను. స్తంభానికి ఏమీ కాలేదు. గృహప్రవేశం శుభప్రదంగా జరిగిందని అందరూ సంతోషించారు. కారు ఎడమ పక్క వెనక డోరు మాత్రం గిన్నెలా లోపలికి పోయింది.

ఇంటికి రాగానే కవరు కప్పేశాను. మా ఆవిడ హైమకి కూడా చెప్పలేదు. చెబితే సాయంత్రానికల్లా ఫోనులో కాశీకి తెలిసిపోతుంది. మామగారు ఏమీ అనరు, నాకు తెలుసు. "పర్వానేదు అల్లుడుగారూ" అంటారు. నా భయమంతా ఆ పర్వానేదు గురించే. అది ఒకసారి విన్న అల్లుడు ఇక జీవితాంతం అత్తవారింట్లో తల ఎత్తి నీళ్ళు కూడా అడగలేడు.

కాబట్టి ఆయన దిగేలోపు కారు బాగుపడాలి. ఎవరికీ తెలియకూడదు. డోరు మీద అతుకు కనిపించకూడదు. అంటే నమ్మకమైన షెడ్డు కావాలి.

మర్నాడు స్టాఫ్ రూములో "మన ఊళ్ళో నమ్మకంగా డెంటింగు చేసేవాడు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను, ఎవరి కారో అన్నట్టు.

"మా బావమరిది ఉన్నాడు కదా!" అన్నాడు ఫిజిక్సు ఆయన.

"ఆయన బావమరిదా? అయ్యో, అక్కడికి మాత్రం వద్దండి. మా పెదనాన్న కొడుకు దగ్గరికెళ్ళండి" అంది ఎకనామిక్సు ఆవిడ.

"ఆల్లిద్దరూ ఒద్దు సార్, మా మావున్నాడు. నా పేరు సెప్పండి, మరింకేటీ సెప్పక్కర్నేదు" అన్నాడు అటెండరు.

ఊళ్ళో నమ్మకస్తులు ఇంతమంది ఉన్నారని నాకు అంతవరకూ తెలియదు. విచిత్రమేమిటంటే అందరూ ఎవరో ఒకరికి చుట్టాలే. ఒక్కొక్కరి మాటా విన్నకొద్దీ నా బుర్ర తిరిగిపోయింది. చివరికి ఎవరికీ చుట్టం కానివాడిని నేనే చూసుకుందామని రింగురోడ్డు వైపు వెళ్ళాను. అక్కడ అద్దాల తలుపులూ ఏసీ గదీ ఉన్న పెద్ద షెడ్డు కనిపించింది. దాని యజమాని చిన్నబాబు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"కూర్సోండి సార్. టీ తెండర్రా!" అని కేకేసి, బయటికి పోయి డోరు చూసొచ్చి, తల అడ్డంగా ఊపాడు. "డోరు పోనాది సార్."

"పోవడమంటే?"

"పోనాది. మార్సాల."

"సొట్టే కదండీ?"

"పైకి సొట్ట సార్. లోపలేటి జరిగిందో మనకేటి తెలుస్తాది? మనిషికి దెబ్బ తగిల్తే అంతా పైకి కనిపిస్తాదేటి?"

నాకు నిజంగానే డోరు మీద జాలేసింది.

"సరే, ఆ డోరు మారిస్తే..."

"ఒక్కదాన్ని మారిస్తే రంగు కలవదు సార్. పక్కదీ మార్సాల."

"మరి దాని పక్కది?" అన్నాను వెటకారంగా.

"సదువుకున్నోరు సార్ మీరు. సెప్పకండానే తెలిసిపోనాది!" అన్నాడు సంతోషంగా.

టీ సగంలో ఆపి లేచాను. అతను గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడికైనా ఎల్లండి సార్. పట్టాల అవతలున్న పైడిరాజు కాడికి మాత్రం ఎల్లకండి. ఆడికి కస్టమరంటే మర్యాద నేదు. ఏది తోస్తే అది మొకం మీదే సెప్పీస్తాడు."

నా తెలివితేటలు అప్పుడు పనిచేశాయి. ఇలాంటివాడు తిడుతున్నాడంటే అవతలివాడు తప్పకుండా మంచివాడై ఉండాలి అనుకున్నాను. ఈ తర్కం ఇప్పటికీ తప్పు కాదు. పైడిరాజు నిజంగానే మంచివాడు. నా కర్మ అదే.

పైడిరాజు షెడ్డంటే నాలుగు రేకులూ ఒక వేపచెట్టు నీడా. మనిషి ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. పాదాలు తప్ప ఏమీ కనిపించలేదు. నేను ఆ పాదాలకే విన్నవించుకున్నాను.

"డోరుకి సొట్ట పడిందండీ."

"ఎవులు గుద్దీసినారు?" అని జీపు అడిగింది.

"ఎవరో... పార్కింగులో..."

"మీరే." బయటికి వచ్చి డోరు చూశాడు. "ఎనక్కి తీసినప్పుడు అద్దంలో సూడరేటి?"

"డోరు మార్చాలంటారా?"

"డోరెందుకు? మారిస్తే డ్రైవర్ని మార్సాల."

నాకు కోపం రావాలి. కానీ నమ్మకం వచ్చింది. అతను జేబులోంచి ఒక అయస్కాంతం తీసి నా చేతిలో పెట్టాడు.

"పనయ్యాక ఇది డోరు మీద పెట్టి సూడండి. అంటుకుందంటే కింద ఇనుమే ఉన్నట్టు. జారిపోనాదంటే సొట్టని ఎత్తకండా లప్పం మెత్తీసినట్టు. లప్పం మెత్తీసినోడి కాడికి మళ్ళీ ఎల్లకండి. అది నేనైనా సరే."

ఇంత మాట అనే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. నా గుండె నిండిపోయింది. అతను కారు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి ఆగాడు. కుడి వైపు వెనక చక్రం పైన ఇంకో పెద్ద సొట్ట ఉంది. అది పాతది. పెళ్ళి రోజు నుంచీ చూస్తున్నాను. చుట్టూ పెయింటు లేచిపోయి తుప్పు పట్టింది.

"మరిదేటి?"

"అది మా మామగారి కాలంది. ఆయనకి తీరిక లేక వదిలేసినట్టున్నారు. దాన్ని కూడా తీసేయండి."

"ఆయన్ని అడిగినారా?"

"అడగడం దేనికి?"

"బండి ఆయనది కాదేటి?"

"నేను అల్లుణ్ణండీ."

ఈ జిల్లాలో ఆ మాటకి ఎదురు లేదు. "అయితే సరే" అన్నాడు.

నా పథకం మీకు చెప్పాలి. ఒకవేళ డోరు సంగతి మామగారికి ఎలాగైనా తెలిసినా, తన పాత సొట్ట కూడా మాయమైపోయి ఉండటం చూసి కరిగిపోతారు. "మా అల్లుడుగారు అడక్కుండానే సేయించినారు" అని ఊరంతా చెప్పుకుంటారు. పథకం వేసుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

కారు తీసుకునే రోజు అయస్కాంతం పెట్టి చూశాను. డోరు మీద అంటుకుంది. వెనక కూడా అంటుకుంది. పాత సొట్ట ఎక్కడుండేదో నాకే తెలియలేదు.

"ఇక్కడ సొట్ట ఉండీదని మీ మావగారే ఒట్టేసి సెప్పినా ఎవులూ నమ్మరు" అన్నాడు పైడిరాజు గర్వంగా.

ఆ మాటకి నేను చప్పట్లు కొట్టాను. నిజంగా కొట్టాను.

కాశీ నుంచి దిగిన రోజు మామగారు టిఫినుకి కూడా కూర్చోలేదు. తిన్నగా కారు దగ్గరికి పోయి కవరు లాగారు. డోరు వైపు చూడనే లేదు. వెనక్కి వెళ్ళారు. చక్రం పైన చెయ్యి పెట్టి తడిమారు. అటు తిరిగి ఎడమ వైపు తడిమారు. మళ్ళీ కుడి వైపుకి వచ్చారు. ఆ తర్వాత వంగి నెంబరు ప్లేటు చదివారు.

"అమ్మా హైమా! ఇది మన బండేనేటి?"

"మనదే నాన్నా."

"మరి ఏదీ?"

నేను ముందుకి వచ్చాను. "ఏది మావయ్యా?"

"ఏదీ అంటే... ఏదండీ?"

ఆయన దేనికోసం వెతుకుతున్నారో నాకు అర్థం కాలేదు. నా గుట్టు ఎలాగో బయటపడిందనుకున్నాను. ఒక్క గుక్కలో గరివిడీ, గృహప్రవేశం, గేటు స్తంభం, అన్నీ చెప్పేశాను.

ఆయన చేతులు జోడించారు. "డోరు పోతే పోనీండి అల్లుడుగారూ! నాలుగు డోర్లూ గుద్దీండి, నానేటీ అనను! నా సొట్టేదండీ?"

"తీయించేశాను మావయ్యా. మీకు సంతోషంగా ఉంటుందని..."

మామగారు అరుగు మీద కూలబడ్డారు. నన్ను తిట్టడానికి నోరు తెరిచి, నేను కొత్తల్లుణ్ణని గుర్తొచ్చి, మూసి, కూతురి వైపు తిరిగారు. "అమ్మా! ఏడాదయ్యి కంటికి రెప్పలా కాపాడుకొని వస్తన్నానే!" అని, ఆ తర్వాత మా తులసికోట వైపు తిరిగి మిగతా తిట్లన్నీ దాన్ని తిట్టారు.

హైమ నన్ను లోపలికి లాక్కుపోయి సంగతి చెప్పింది. ఆ సొట్ట మామగారు పెట్టింది కాదట. ఆయన అక్కగారి భర్త సింహాచలంగారు చెరుకు లోడుతో ట్రాక్టరు వెనక్కి తీస్తుంటే, వెనక తగిలించిన తొట్టి మూల వచ్చి కారుకి తగిలిందట. ఆయన దిగి, "నా తొట్టి తగల్నేదు. నువ్వే ఎక్కడో గుద్దీసుకొని నా మీద పెడతన్నావు" అన్నారట. ఖర్చు ఎవరిదన్న గొడవే లేదు. "నానే గుద్దినాను బావా" అని ఒక్క మాట అంటే చాలునట. ఆయన అనలేదు. ఈయన వదల్లేదు. మాటలు ఆగిపోయాయి. అందరికంటే ఎక్కువ నలిగిపోయింది హైమ మేనత్త. ఏడాదిగా ఆవిడ ఒకే ఊళ్ళో ఉండి పుట్టింటి గుమ్మం తొక్కలేదు. చివరికి పెద్దమనుషులు కలగజేసుకుని, మామగారు కాశీ నుంచి రాగానే ఆదివారం నాడు కళ్ళంలో కారునీ తొట్టినీ పక్కపక్కన పెట్టి, తొట్టి మూల సొట్టలో సరిపోతుందో లేదో చూసి తేలుస్తామన్నారు.

కేసుకి ఒక్కటే సాక్షి. ఆ సాక్షిని నేను సుత్తితో కొట్టించి, రంగేయించి, మెరుగు పెట్టించాను.

"నాకెవరూ చెప్పలేదేం?" అన్నాను ఏడుపు గొంతుతో.

"కొత్తల్లుడి ముందు ఇంటి తగువులు మాట్లాడకూడదని అమ్మ అన్నాది. మీరు షెడ్డుకి తీసుకెళ్తన్నట్టు నాకొక్క మాట సెప్తే పోయేది కదా?"

"మీ నాన్నకి చెప్పేస్తావని భయం" అన్నాను. వాళ్ళ మర్యాదా నా భయమూ కలిసి మామగారిని ముంచాయన్నమాట.

సొట్ట ఫోటోల్లోనైనా పడి ఉండొచ్చని పెళ్ళి ఫోటోలన్నీ వెతికాం. కారున్న ఫోటోలు చాలా ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ సరిగ్గా ఆ సొట్టకి ఆనుకుని, చేతులు కట్టుకుని, నవ్వుతూ నేనే నిలబడి ఉన్నాను. మామగారు ఒక్కో ఫోటో చూసి ఒక్కో నిట్టూర్పు విడిచారు.

ఇక మిగిలిన దారి ఒక్కటే అనిపించింది. మామగారినీ కారునీ తీసుకుని పైడిరాజు దగ్గరికి పరుగెత్తాను.

"సొట్ట మళ్ళీ పెట్టాలండీ."

"ఏటి?"

"ముందు ఎక్కడుందో అక్కడే."

పైడిరాజు సుత్తి కింద పెట్టాడు. "సొట్ట తీయమని వస్తారు. పెట్టమని ఇంతవరకూ ఎవులూ రానేదు."

"మీరు తీసిందే కదండీ? మీకు గుర్తుంటుంది!"

"గుర్తున్నాది. ఎంత లోతో, ఏ వంపో అన్నీ గుర్తున్నాయి. పెట్టను. దొంగ సొట్ట నా సేత్తో పెట్టను బాబూ. కావాలంటే ఆ తొట్టినే తెచ్చి గుద్దించుకోండి."

నమ్మకస్తుడి దగ్గరికి వెళితే ఇదే కష్టం. ఎంత బతిమాలినా నమ్మకస్తుడిగానే ఉంటాడు. మామగారు నా వైపు చూశారు. నేను రింగురోడ్డు వైపు చూశాను.

"పెట్టీద్దాం సార్!" అన్నాడు చిన్నబాబు వెంటనే. "ఏ సైజు కావాల? టీ తెండర్రా! పాతదిలా కనిపించాలంటే తుప్పు కూడా ఎయ్యాల, అదీ మనకాడున్నాది."

అంతకుముందు డోర్లు మార్చాలన్న మనిషి ఎంత శ్రద్ధగా పనిచేశాడో మీరు చూడాలి. మామగారు పక్కన నిలబడి, "నా మోకాలికి జానెడు పైన, సరిగ్గా ఇక్కడ" అని చెయ్యి పెట్టి చూపించారు. నేను చాక్‌పీసుతో గుర్తు పెట్టాను. చిన్నబాబు దెబ్బ వేశాడు. లోపలికి వంగిన రేకు చూసి మామగారి కళ్ళు చెమర్చాయి. "అదే! అదే నా సొట్ట!" అన్నారు. నా భుజం కూడా తట్టారు. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం కళ్ళంలో ఊరంతా ఉంది. పెద్దమనిషి సన్యాసయ్యగారు నులకమంచం మీద కూర్చున్నారు. ఆడవాళ్ళలో హైమ మేనత్త తల దించుకుని నిలబడి ఉంది. తన భర్త ఓడినా, తమ్ముడు ఓడినా ఆవిడకి ఏడుపే. ఆవిడని చూశాక నాకు మొదటిసారి ఈ సొట్ట బరువెంతో తెలిసింది. సింహాచలంగారు మీసం దువ్వుకుంటూ ట్రాక్టరు మీద వచ్చారు, ఉరికంబం ఎక్కినా ఒప్పుకోనన్నట్టు.

"తొట్టిని మెల్లగా ఎనక్కి తే సింహాచలం" అన్నారు సన్యాసయ్యగారు.

తొట్టి వచ్చింది. కారు పక్కకి చేరింది. అందరూ వంగి చూశారు. తొట్టి మూల ఎక్కడో పైన ఉంది. సొట్ట దానికి జానెడు కింద ఉంది.

మామగారు తన మోకాలు చూసుకున్నారు. ఆ తర్వాత నన్ను చూశారు. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. చిన్నబాబు షెడ్డులో కొలత చూసినప్పుడు కారు జాకీ మీద జానెడు ఎత్తులో ఉంది.

సింహాచలంగారు గెలిచేశారు. చేతులు దులుపుకుని ఇంటికి పోవాల్సిన మనిషి. కానీ ఆయన పోలేదు. సొట్ట దగ్గరికి వచ్చి వంగారు. తొట్టిని చూశారు. మళ్ళీ సొట్టని చూశారు. మొహంలో గెలుపు పోయి అయోమయం వచ్చింది.

"ఇదేటి బావా? ఇది నాది కాదు."

"నీదే!" అన్నారు మామగారు, ఇంకేం చెయ్యాలో తెలియక.

"కాదంటే కాదు!"

"ఏడాదయ్యి ఇదే మాట సెప్తన్నావు!"

"అప్పుడు సెప్పింది ఏరు, ఇప్పుడు సెప్పింది ఏరు! ఇది మాత్రం నాది కాదు! నా తొట్టి తగిల్తే సొట్ట ఇంత కిందన ఎలాగ పడతాది? నాను గుద్దింది ఇదిగో, ఇక్కడ! ఇంకా పైన! దిగి నా కళ్ళతో నాను సూసుకున్నాను!"

సింహాచలంగారి వేలు కారు మీద అలాగే ఉండిపోయింది. తను ఏమన్నారో ఆయనకి తెలియడానికి కాస్త సమయం పట్టింది.

సన్యాసయ్యగారు దగ్గారు. "అయితే గుద్దినట్టేనేటి సింహాచలం?"

సింహాచలంగారు నేల చూపులు చూశారు.

"మరి ఈ కింది సొట్టేటి రామినాయుడూ?"

ఇప్పుడు మామగారు నేల చూపులు చూశారు.

మొదట నవ్వింది హైమ మేనత్త. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుండగా నవ్వింది. వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుని, "పద, ఇంటికెల్దాం. మొగాళ్ళకి బుద్ధి నేదు" అంది. మామగారు కదిలారు. "రా అక్కా" అన్నారు. బావగారి వైపు చూడకుండానే, "నువ్వూ రా బావా" అన్నారు.

నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. కదలకుండా ఉంటే ఎవరికీ కనిపించేవాణ్ణి కాదు. బావలిద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"ఒరే అల్లుడా!" అన్నారు మామగారు. నా జన్మలో ఆయన నోట మొదటిసారి ఆ "ఒరే" విన్నాను. "నీకెవుడు సెప్పినాడ్రా నా సొట్ట తీయమని?"

"నా సొట్ట కూడాను!" అన్నారు సింహాచలంగారు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏడాదిగా ఒకరినొకరు తిట్టుకోవడానికి దాచుకున్న తిట్లన్నీ ఏ తేడా లేకుండా నా మీద ఖర్చు పెట్టారు. కొత్తల్లుడి మర్యాద అక్కడితో సరి. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను అందరితో పాటు నేల మీద కూర్చోబెట్టి, గట్టు తగువు దగ్గర్నుంచి బావి తగువు దాకా ఆ ఇంటి తగువులన్నీ మామగారు వివరంగా చెప్పారు. సగం కూడా నా బుర్రకెక్కలేదు. కానీ అంత రుచిగా నేను ఏనాడూ భోంచెయ్యలేదు.

అంతకుముందు కళ్ళంలోనే పెద్దమనుషుల ఎదుట ట్రాక్టరు చక్రం మీద చెయ్యి వేసి నేను ప్రమాణం చేశాను. "ఈ వంశంలో ఎవరి వస్తువు మీద ఏ సొట్ట కనిపించినా, అది ఎవరిదో, దాని వెనక ఎవరి మీద ఎంత కోపం ఉందో నిగ్గు తేల్చుకోకుండా ఏ షెడ్డుకీ తీసుకుపోను. నిజాయితీపరుడి షెడ్డుకి అసలే తీసుకుపోను."

"బాగున్నాది" అన్నారు సన్యాసయ్యగారు. "మరి బండి ఎనక్కి తీయడం సంగతి?"

"అదీ మానేశానండీ" అన్నాను.

అప్పటినుంచి అత్తవారింటికి బస్సులోనే వెళుతున్నాను. బొబ్బిలి బస్సుకి ఒళ్ళంతా సొట్టలే. ఒక్కటీ ఎవరిదని నేను ఇంతవరకూ అడగలేదు.